పన్నెండు చుట్ల తాడు

తెడ్డు మావయ్య మా టీకొట్టులో అడుగుపెట్టాడంటే నేను ఇంకో అర లీటరు పాలు పొయ్యి మీద పెట్టేస్తాను. ఆయన నోరు విప్పితే ఎవరూ ఒక్క టీతో లేవరు. ఏటి ఒడ్డున పడవలు అద్దెకిచ్చే మనిషి కాబట్టి చేతిలో ఎప్పుడూ ఒక తెడ్డుంటుంది. అది నీళ్లలో ఎంత తిరుగుతుందో నాకు తెలీదు గానీ మా కొట్టులో మాత్రం నా గాజు గ్లాసుల పక్కనే తిరుగుతుంది. ఆయనకి ఇంకో పిచ్చి కూడా ఉంది, నెలకో కొత్త చొక్కా. మూడు పడవలున్న మనిషికి అన్ని చొక్కాలెందుకో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నర. బెంచీ మీద ఒక చివర ఎదురు గ్యారేజీ మెకానిక్, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇంకో చివర పక్క కొట్టు దర్జీ ఒళ్లో చొక్కా పెట్టుకుని బొత్తాలు కుడుతున్నాడు. పాల ప్యాకెట్ కోయడానికి ఆయన కత్తెర ఓసారి ఇమ్మని అడిగాను. "నోటితో చింపుకో, ఇది గుడ్డ తప్ప ఇంకోటి కోయదు" అన్నాడు. ఇరవై ఏళ్లుగా నేను అడుగుతున్నాను, ఆయన అదే చెబుతున్నాడు. దర్జీలంతా అంతే, కాగితం ముక్క కోసినా కత్తెర పాడైపోయిందంటారు.

మధ్యలో మావయ్య మేనకోడలు నిలబడి ఉంది. పడవల పని ఇప్పుడు ఆ పిల్లే చూసుకుంటోంది. మర్నాడు పొద్దున్నే బడి పిల్లలు నలుగుర్ని రెండు పడవలతో ఎగువకి తీసుకెళ్లాలి. దానికి బండి కావాలి. పాత బండ్లు అమ్మే ఆయన రెండు చూపించాడట. ఒకటి తెల్ల వ్యాను, ఎత్తుగా, తళతళలాడుతూ ఉంది గానీ పైన పడవ పెట్టుకునే క్యారియర్ లేదు. రెండోది ఎత్తు తక్కువగా, బారుగా ఉన్న నీలం కారు. ఎడమ తలుపుకి ఇంత సొట్ట, వెనక నేలంతా రబ్బరు, పైన మాత్రం గట్టి క్యారియర్. నాలుగింటికల్లా మాట చెప్పమన్నాడు, చెప్పకపోతే రెండూ వేరేవాళ్లకి పోతాయి.

"తెల్లదైతే పిల్లల అమ్మానాన్నలు చూడగానే నమ్ముతారు" అంది. "కానీ క్యారియర్ లేదు. ఏది తీసుకోను మావయ్యా?"

ఇంకేం, తెడ్డు లేచింది.

"బాగా అడిగావు తల్లీ, అడగాల్సినవాణ్ణే అడిగావు. ఈ ఊళ్లో పడవ ఎక్కినవాళ్లు బోలెడుమంది, పడవని బండెక్కించినవాణ్ణి నేనొక్కణ్ణే. చెల్లెమ్మా, టీలో చక్కెర కాస్త ఎక్కువ వెయ్యి, గొంతుకి పనుంది. మా అమ్మమ్మ గుర్తుందా మీకెవరికైనా? మా అమ్మకి అమ్మ కాదు, నా మొదటి కారు. ఏ పని చెప్పినా ముందు సణిగేది, తర్వాత చేసి పెట్టేది, అందుకే ఆ పేరు. ఆ బండి రుణం ఈ జన్మలో తీరదు, ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కారేమో పదకొండడుగులు, నా పడవ పదహారడుగులు. చూసినవాళ్లు కారు మీద పడవ ఉందనుకోలేదు, పడవకి చక్రాలు మొలిచాయనుకున్నారు."

"క్యారియర్ ఉండేదా?" అన్నాడు మెకానిక్.

"క్యారియరా? ఆ మాటే అప్పటికి నా చెవిన పడలేదు. పైకప్పు మీద రెండు బొంతలు పరిచాను, పడవ బోర్లించాను, నాలుగు కిటికీలూ దించాను. నేను లోపల కూర్చుని తాడు ఈ కిటికీలోంచి బయటికి విసిరితే, బయట మీ అమ్మ అందుకుని పడవ మీంచి అటు కిటికీలోకి విసిరింది. అలా పన్నెండు చుట్లు. లెక్కపెట్టుకో, పన్నెండు! ఎంత బిగువంటే, నాలుగు తలుపులూ నాలుగు గోడలైపోయాయి. ఏనుగొచ్చి లాగినా తెరుచుకోవు. ఆ బిగువు చూసి మీ అమ్మ, అదే మా అక్క, తమ్ముడూ నువ్వు తాడు కట్టావంటే భూమి తిరగడం మానేస్తుందిరా అంది."

దర్జీ సూది ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

"అలా బయల్దేరి చెరువుకి గంటలో చేరాను. ఇది మామూలు సంగతి, దీన్ని నేను గొప్పగా చెప్పుకోను, ఎవరైనా చేస్తారు. రెండోసారి వెళ్లినప్పుడు మూడు పడవలు. రెండు గుడారాలు, స్టవ్వు, ఐసు పెట్టె, పన్నెండు లైఫ్ జాకెట్లు, మడత బల్ల ఒకటి, ఆ మడత బల్ల మీద మా అత్తగారు. ఆవిడ దారి పొడుగునా కునుకు తీసింది తప్ప ఒక్క మాట అనలేదు, ఆవిడక్కూడా నేను రుణపడి ఉన్నాను. మూడోసారి ఏడు పడవలు."

"ఏడా!" అన్నాను నేను.

"ఏడు, చెల్లెమ్మా. గిన్నెలు బోర్లించినట్టు ఒకదాని మీద ఒకటి. అన్నిటికన్నా పై పడవలో ఒక పిట్ట గూడు కట్టుకుని గుడ్లు పెట్టింది, నేను చూసుకోలేదు. బయల్దేరినప్పుడు గుడ్లు, చెరువు దగ్గర దిగేసరికి పిల్లలు. తల్లిపిట్ట వచ్చి నా భుజం మీద వాలింది, పురుడు పోసినందుకు. అంత నెమ్మదిగా నడిపానన్నమాట."

"గంటలో చేరానన్నారుగా?" అన్నాడు మెకానిక్.

"నెమ్మదిగా, గంటలో. రెండూ కుదురుతాయి, నడిపేవాడు నేనైతే. నువ్వు నట్లు బిగించుకునేవాడివి, నీకేం తెలుసు. అసలు కథ నాలుగోసారిది. కొండ దారి, పదకొండు మలుపులు. మూడో మలుపు దగ్గర ఎదురుగాలి కొట్టింది. పడవ ముక్కు కింద గాలి దూరిందంటే అది రెక్కే కదా. ముందు చక్రాలు లేచాయి. వెనక చక్రాలు, అమ్మా మమ్మల్ని వదిలిపోకు అన్నట్టు కాసేపు ఈడ్చుకొచ్చి అవీ లేచాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగతా ఎనిమిది మలుపులు తిరగనే లేదు! కింద రోడ్డు మెలికలు తిరుగుతోంది, పైన నేను నిటారుగా పోతున్నాను. వెనక చూస్తే అడవి బాతులు, ముప్ఫై దాకా ఉంటాయి, నన్ను పెద్ద బాతనుకుని బారులు తీరి వస్తున్నాయి. నేను ఎడమకి సిగ్నల్ వేస్తే ఎడమకి, కుడికి వేస్తే కుడికి. హారన్ కొడితే అన్నీ కలిసి బదులు చెప్పేవి."

"పెట్రోలు మిగిలే ఉంటుంది పాపం" అన్నాడు మెకానిక్.

"మిగలడమేంటి, పెరిగింది! సరే, ఒట్టు వెయ్యమంటే వెయ్యను, నమ్మేవాళ్లు నమ్మండి. గాలి తగ్గాక దిగింది ఎక్కడ? వాగు దాటే పల్లపు వంతెన ముందు. పైన వాన పడి వాగు పొంగింది. వంతెన మీద నీళ్లు."

ఇక్కడికి రాగానే మావయ్య ఎప్పుడూ టీ తాగుతాడు. గ్లాసులో ఏమీ లేకపోయినా తాగుతాడు. ఈ కథ నేను ఎన్నోసార్లు విన్నాను, ఈ చోట ఆయన గొంతు కాస్త పైకి పోతుంది.

"ఇంకొకడైతే ఆగేవాడు. నేనా? దింపాను. సగం దాకా వెళ్లేసరికి అమ్మమ్మ తేలింది. తేలితే తేలింది, మనం పడవలవాళ్లమే కదా. ఇదిగో ఈ తెడ్డే, కిటికీలోంచి బయటపెట్టి ఒక్క తోపు తోశాను. కారు బాణంలా ఎదురెక్కింది. వాగుకి ఎదురు! చేపలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. అంతలో చూస్తే అవతల ఒక బస్సు కొట్టుకుపోతోంది, నలభై మంది జనం, కేకలు. కండక్టరు మాత్రం పాపం డ్యూటీ మానలేదు, మునిగిపోయే ముందు టిక్కెట్లు తీసుకోండి అంటున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను ఠక్కున తలుపు తీసి నీళ్లలోకి దూకాను. తాడు నోట కరుచుకున్నాను. ఒక చేత్తో కారు, పళ్లతో బస్సు. లాగాను. బస్సు కదిలింది, బస్సు వెనక వంతెన కదిలింది, వంతెన వెనక అవతలి ఒడ్డు కదిలి నా దగ్గరికొచ్చింది. చివరికి వాగుకే సిగ్గేసి, వచ్చిన దారినే వెనక్కి కొండెక్కిపోయింది. ఆ నలభై మందీ నాకు దండాలు పెట్టారు. నేను మాత్రం, నాకెందుకయ్యా, ఈ అమ్మమ్మకి పెట్టండి, ఈ తాడుకి పెట్టండి అన్నాను. కృతజ్ఞత ఉండాలి మనిషికి. అదీ సంగతి! తాడు కట్టడం వస్తే ఏ బండైనా బండే తల్లీ."

మెకానిక్ తొడ మీద చరుచుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. మేనకోడలు కూడా నవ్వింది గానీ ఆ నవ్వులో ఏదో తేలికపడ్డట్టుంది.

"అయితే క్యారియర్ అక్కర్లేదన్నమాట" అంది. "బాతుల సంగతి వదిలెయ్ మావయ్యా, ఆ తాడు మాట మాత్రం నిజమేగా? కిటికీల గుండా కట్టి నువ్వు నిజంగానే తీసుకెళ్లేవాడివని అమ్మ కూడా ఒకసారి అంది. చాలు, తెల్లదే చెప్పేస్తాను. పొద్దున పిల్లల్ని లోపల కూర్చోబెట్టి నేనే పన్నెండు చుట్లు కట్టుకుంటాను."

ఫోన్ తీసి నంబరు నొక్కబోయింది.

మావయ్య నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"ఆగమ్మా" అన్నాడు దర్జీ.

మా కొట్టులో ఆయన గొంతు వినడమే అరుదు. బొత్తాం దారం పంటితో తెంపి, చొక్కా పక్కన పెట్టాడు. మావయ్య వైపు చూశాడు.

"తలుపు ఎలా తీశావు?"

"ఏ తలుపు?" అన్నాడు మావయ్య.

"నాలుగు తలుపులూ గోడలైపోయాయన్నావు. ఏనుగొచ్చి లాగినా రావన్నావు. మరి వాగు మధ్యలో ఠక్కున ఎలా తీశావు?"

పాలు పొంగాయి, నేను పొయ్యి తగ్గించడం మర్చిపోయాను.

మావయ్య తెడ్డుని రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని, దానికేసే చూస్తూ, "తియ్యలేదు" అన్నాడు.

"తియ్యలేదు" అన్నాడు దర్జీ మేనకోడలితో. "నేను ఆ బస్సులోనే ఉన్నానమ్మా. బస్సు కొట్టుకుపోలేదు, ఇవతలి ఒడ్డునే ఆపేశాడు డ్రైవరు. కొత్తగా కుట్టిన బడి బట్టలు ఇచ్చి వస్తున్నాను, సంచీలో కత్తెరుంది. నీళ్లు పెద్ద లోతేం కాదు, నడుం దాకా. కానీ కార్లో కూర్చున్నవాడికి నడుం లోతంటే గొంతు దాకా వచ్చినట్టే. పడవకి ముందో తాడు, వెనకో తాడు కట్టలేదు, మధ్యలో మాత్రం పన్నెండు చుట్లు. పడవ ముక్కు కిందికి వంగి నీళ్లు పట్టేసరికి కారు అడ్డంగా తిరిగి వంతెన అంచున ఆగింది. తలుపులు రావు. కిటికీల నిండా తాడే, మనిషి పట్టేంత సందు లేదు. తడిసిన తాడు ముడి విప్పడం దేవుడి వల్ల కూడా కాదు. మీ మావయ్య అయితే ముడి జోలికే పోలేదు."

"ఎందుకని?" అన్నాను నేను.

"చేతులు ఖాళీ లేవు. రెండు చేతులతో ఒక పాపని పైకప్పుకి ఆనించి పట్టుకున్నాడు. తన గడ్డం దాకా నీళ్లొచ్చినా పాప కాళ్లు తడవనివ్వలేదు. నేను వెళ్లేసరికి, నా సంగతి తర్వాత, ముందు దీన్ని తీసుకో అన్నాడు. తీసుకుందామంటే తాళ్ల మధ్య పాప తల పట్టడం లేదు. నలభై మందిలో కోసే వస్తువు నా ఒక్కడి దగ్గరే ఉంది."

బల్ల మీద గుడ్డలో చుట్టిపెట్టిన కత్తెర తీశాడు. విప్పి, అంచు వెలుతురుకేసి పెట్టి చూపించాడు. మధ్యలో వడ్లగింజంత గంటు.

"ఇది గుడ్డ కాకుండా వేరేది కోసింది ఆ ఒక్కసారే. తొమ్మిది చుట్లు కోస్తే పాప వచ్చింది, మిగతా మూడూ కోస్తే మీ మావయ్య వచ్చాడు. పడవ పోయింది. ఆ సాయంత్రానికి కారు కూడా పోయింది. ఇప్పటికీ పల్చటి గుడ్డ కోస్తే ఈ గంటు దగ్గర దారం లాగుతుంది. సానబట్టిస్తే పోతుంది. నేనే పట్టించలేదు."

మేనకోడలు ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. "ఆ పాప..." అని ఆగింది.

"నువ్వేనమ్మా. నీకప్పుడు నాలుగేళ్లు. నా భుజం మీద ఎక్కాక నువ్వు ఏడవలేదు కూడా. తెడ్డు నీళ్లలో పోతోందని గోల పెట్టావు. మళ్లీ వెనక్కి వెళ్లి అదీ తెచ్చాను."

మేమంతా మావయ్య చేతిలో తెడ్డు వైపు చూశాం.

"ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు" అందా పిల్ల. "అమ్మ కూడా."

"మీ అమ్మ ఏం చెబుతుంది?" అన్నాడు మావయ్య. మొదటిసారి ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది. "బయట నిలబడి ఆ తాడు అందించింది తనే కదా. ఏడాది నాతో మాట్లాడలేదు, ఏడాది తనతో తనే మాట్లాడుకోలేదు. నేనేమో... ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెబుదామని కూర్చుంటే వంతెన దగ్గరే కథ ఆగిపోయేది తల్లీ. బాతుల్ని కలిపితే కాస్త చెప్పగలిగేవాణ్ణి. బస్సుని లాగితే ఇంకాస్త. కలుపుతూ కలుపుతూ పోయాను. నిన్ను మాత్రం అందులోంచి తీసేశాను. ఇవాళ నువ్వు తాడు కడతానంటే కూడా నాకు నోరు పెగల్లేదు చూడు, ఇంతకన్నా పనికిమాలిన నోరు ఉంటుందా?"

"నేను కూడా ఎప్పుడూ అడ్డు చెప్పలేదు" అన్నాడు దర్జీ. "మనిషిని నవ్వించే కోత ఎవరి ప్రాణం మీదికీ రాదు కదా, పోనీలే అనుకున్నాను. ఇవాళ పిల్లలున్నారు మరి."

మావయ్య లేచాడు. దర్జీ ముందుకెళ్లి నిలబడ్డాడు. కొత్త చొక్కా, ఇస్త్రీ మడత కూడా పోలేదు.

"నీకు తెలుసో లేదో" అన్నాడు, "ప్రతి నెలా ఒకటో తారీఖున నేను నీ కొట్టుకొచ్చేది చొక్కా కోసం కాదు. ఈసారి ఎలాగైనా చెప్పేయాలని వస్తాను. గడప దాటాక నువ్వు తలెత్తి ఏంటీ అంటావు. నాకు మాట రాదు. టేపు చూపించి, చొక్కా అంటాను. కొలతలిచ్చి వచ్చేస్తాను. ఇరవై ఏళ్లు. ఇంట్లో చొక్కాలతో బీరువా తలుపు మూతపడటం లేదు. నా మేనకోడల్ని నాకిచ్చావు. నన్ను మా అక్కకిచ్చావు. నీకు ఎప్పుడూ ఒక్క మాట చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను. నీ మేలు మర్చిపోలేదు. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు."

దర్జీ కత్తెరని మళ్లీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు, చుట్టిందే చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు. "తెలుసులే" అన్నాడు. "ఛాతీ కొలత ఇరవై ఏళ్లుగా మారకపోయినా ప్రతి నెలా కొలిపించుకుంటుంటే తెలీదా?"

మేనకోడలు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. దర్జీ పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడ్డ వేళ్లు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఫోన్ మోగింది. నాలుగు కావడానికి ఐదు నిమిషాలు.

"నీలంది" అంది మేనకోడలు. "అవునండీ, సొట్ట ఉన్నదే. పర్లేదు, పడవలకి సొట్ట కనపడదు. క్యారియర్ బిగువుగా ఉందా? ముందు వైపు, వెనక వైపు తాడు కట్టే కొక్కేలున్నాయా? ఉన్నాయా? చాలు. వచ్చి తీసుకెళ్తాను."

ఫోన్ పెట్టేసి, "బండి ఎత్తు తక్కువైతే పడవ నేనొక్కదాన్నే పైకెత్తుకోగలను, ఆ మాట ముందే తట్టలేదు నాకు" అంది. "బాబాయ్, క్యారియర్ పట్టీలకి అంచులు కుట్టి పెడతారా?"

"పట్టీలైతే కోస్తాను" అన్నాడు దర్జీ. "అవి గుడ్డే."

మెకానిక్ లేచి, పొద్దున బయల్దేరే ముందు బ్రేకులు నేను చూస్తాను, ఆ కొక్కేలు కూడా లాగి చూస్తాను అన్నాడు. నేను అందరికీ టీలు పోశాను, మావయ్యకి చక్కెర ఎక్కువే వేశాను. ఆయన ఒక గుక్క తాగాడు, రెండో గుక్క తాగాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, ఎంతసేపు ఆగుతుంది. తెడ్డు మెల్లగా లేచింది.

"ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ కత్తెర మామూలు కత్తెరనుకుంటున్నారేమో మీరు. ఆ రోజు మా దర్జీ నీళ్లలో అడుగుపెట్టాడా, వాగు ఆయన్ని చూసి కట్ చేసిన గుడ్డలా రెండుగా విడిపోయింది. ఒట్టు. మధ్యలో పొడి నేల. చెప్పులు కూడా తడవలేదు. అలా నడిచొచ్చి, ఒక చేత్తో కారుని ఇలా పైకెత్తి..."

మేమంతా దర్జీ వైపు చూశాం. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు, ఎక్కడం లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు మావయ్య.

"చెప్పు" అన్నాడు దర్జీ.